ఆరుంపావు సైజు

జనవరి 14, 1957

అనియెల్లో ఇవాళ కూడా వచ్చాడు. వారానికి రెండు సాయంత్రాలని అనుకున్నాం, ఇప్పుడు మూడో సాయంత్రం కూడా వస్తున్నాడు. తీసివేతలు ఇంకా పట్టుబడలేదు. పై అంకె చిన్నదైతే పక్క అంకె దగ్గర ఒకటి తెచ్చుకోవాలని చెప్పాను.

"వాడికి చెప్పకుండానే తెచ్చేసుకోవచ్చా టీచరమ్మా?" అన్నాడు.

బల్లకి అవతల కుడుతున్న చెల్లి తితినా పగలబడి నవ్వింది. సూది వేలికి దిగింది. "తోలు మీద రక్తం పడితే ఆ జత నువ్వు తొడుక్కుంటావా?" అని అమ్మ కసిరింది.

నేను ఆఫీసులో ఉత్తరాలు రాసే దోన్ ఎద్వార్దో కార్ఖానాలో చేతి తొడుగులకు తోలు కోసేవాళ్ళందరిలోకీ చిన్నవాడు అనియెల్లో. పనితనంలో చిన్నవాడు కాదని పెద్దమేస్త్రి తొమ్మాసో కూడా ఒప్పుకుంటాడు. సొంతంగా పెట్టుకోవాలని అతని కోరిక. లెక్క రానివాణ్ని ఎవడో ఒకడు ముంచుతాడు కాబట్టి నా దగ్గరికి వస్తున్నాడు. అతను కోస్తే, బయటి దేశాల దుకాణాలకు నేను ఉత్తరాలు రాస్తే, ఆ కార్ఖానా ఎలా ఉంటుందో ఇవాళ ట్రామ్‌లో వస్తూ ఆలోచించాను.

లెక్కలకే అయితే మూడో సాయంత్రం ఎందుకు? జవాబు ఇక్కడ రాయను.

జనవరి 18

నన్ను మీరు అంటాడు. తితినాని నువ్వు అంటాడు, ఒక్కోసారి ఒసే అని కూడా. నేను చదువుకున్నదాన్నని గౌరవం. గౌరవం ఉన్నచోటే మిగతావన్నీ నిలబడతాయి.

ఫిబ్రవరి 2

పారిస్ దుకాణం నుంచి ఉత్తరం వచ్చింది. దోన్ ఎద్వార్దోకి ఫ్రెంచి రాదు, ఆఫీసులో నేనే చదివి చెప్పాను. క్రిస్మస్‌కి పంపిన పొడవాటి తెల్ల తొడుగుల్లో వేళ్ళ మధ్య కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చిందట. కుట్టిన చేతులకు తమ నమస్కారం తెలపమన్నారు. అవి తితినా కుట్టినవి. ఇంటికి రాగానే చెప్పాను.

"నా పేరు తెలుసా వాళ్ళకి?" అంది.

"ఎలా తెలుస్తుంది? లోపల వాళ్ళ దుకాణం పేరే కదా వేసుకునేది."

"పోనీలే. చేతులకి పెట్టారుగా దండం. పేరుకి పెడితే దిష్టి తగిలేది."

అనియెల్లో పలక మీద నుంచి తలెత్తాడు. "కుట్టు కనబడకపోవడమేంటి? గదికి ఆ చివర పెట్టినా చెప్తాను నేను, ఇది తితినాదని."

వృత్తిలో ఉన్నవాళ్ళ కన్ను అలాంటిది.

ఫిబ్రవరి 9

ఇవాళ లెక్కలు సాగలేదు. చెయ్యి పట్టుకుని, టేపు పెట్టకుండా సైజు చెప్తానన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నా కుడిచెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని, వేళ్ళ కణుపుల మీద నెమ్మదిగా నొక్కుతూ చాలాసేపు ఉంచుకున్నాడు. "ఏడు. నిండు ఏడు. నిబ్బరమైన చెయ్యి టీచరమ్మా" అన్నాడు.

"ఇంక నాది" అని తితినా చెయ్యి చాపింది. ఇలా ముట్టుకుని అలా వదిలేశాడు, నిప్పు తగిలినట్టు. "ఆరుంపావు" అని మళ్ళీ పలక అందుకున్నాడు. పాపం, దాని ముఖం చిన్నబోయింది.

నా చెయ్యి ఎంతసేపు పట్టుకున్నాడో.

ఫిబ్రవరి 24

అమ్మకి చూపు బాగా తగ్గిపోయింది. ఇన్నేళ్ళు తెల్ల తోలు మీద తెల్ల దారం. ఇప్పుడు మనిషి ఆకారం తెలుస్తుంది, సూది బెజ్జం తెలియదు. వేళ్ళతో తడిమి తప్పులు పట్టుకుంటుంది గానీ కుట్టలేదు. తన వంతు పని కూడా తితినాయే చేస్తోంది. కనీసం దారం ఎక్కించి ఇస్తానని సూది తీశాను. అమ్మ నా చేతి మీద కొట్టింది.

"ఇద్దరిలో ఒక్కరైనా ఈ బల్ల దగ్గర్నుంచి లేస్తారని కదే ఇంత చేసింది? పెట్టవతల."

నాన్న పోయినప్పుడు నాకు మార్కులు ఎక్కువ వచ్చాయి కాబట్టి నేను బడిలో ఉన్నాను. తితినా బడి మానేసి నా ఫీజు కుట్టింది. దానికి అప్పుడు సూది కంటే వేలు చిన్నది. ఇవి కొత్త సంగతులు కావు. ఎందుకు రాస్తున్నానో.

మార్చి 8

కోతగదిలోకి వెళ్ళాను, సంతకం కోసం. అనియెల్లో బల్ల కింద తడిగుడ్డలో చుట్టిన మేకపిల్ల తోలు ఉంది. తెల్లది. ఎక్కడా మచ్చ లేదు, దోమ కుట్టిన గుర్తు కూడా లేదు. అలాంటి తోలు పక్కన పెట్టుకున్నాడంటే ఎవరూ అడగనక్కర్లేదు. పెళ్ళి చేసుకోబోయే పిల్లకి కోతమేస్త్రి తన చేత్తో తొడుగులు కోయాలి. కోసి, కుట్టకుండా ఆ ముక్కలు పిల్ల ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళమ్మ ముందు పెట్టాలి. అంతదాకా పేరు బయటపెట్టకూడదు.

"ఎవర్రా ఆ పిల్ల?" అని తొమ్మాసో మేస్త్రి నన్ను చూస్తూ అడిగాడు.

"తోలుకే చెప్పలేదు ఇంకా, నీకు చెప్తానా?" అన్నాడు అనియెల్లో.

"మాకెందుకు చెప్పడం? వారంలో మూడు సాయంత్రాలు ఏ గుమ్మం ఎక్కుతున్నావో వీధంతా చూస్తోంది. లెక్కలు నేర్చుకుంటున్నాడట! ఒకటీ ఒకటీ కలిపితే ఎంతరా?"

అందరూ నవ్వారు. అతని ముఖం ఎర్రబడింది, నాదీ ఎర్రబడింది. సంతకం తీసుకోకుండానే వచ్చేశాను.

మార్చి 19

సన్ జుసెప్పె పండుగ. ఈ పండక్కి అందరూ తినే క్రీము మిఠాయి, ద్జెప్పోలె, పొట్లం కట్టించి తెచ్చాడు. తితినాకి చెర్రీ ఉన్నది ఇచ్చాడు, చిన్నపిల్ల కదా. నాకు పెద్దది ఇచ్చాడు.

మార్చి 30

చూడకూడదు. చూశాను.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్ళాక కోతగదిలోకి వెళ్ళి గుడ్డ విప్పాను. ముక్కలు కోయడం అయిపోయింది. రెండు అరచేతులు, రెండు బొటనవేళ్ళు, వేళ్ళ మధ్య వేసే సన్నటి పట్టీలు. కోసేవాళ్ళు బొటనవేలి ముక్క మీద లోపలి ముఖాన పెన్సిల్‌తో సైజు వేస్తారు. చూశాను.

6¼.

ఏప్రిల్ 1

తోలు సాగుతుంది. మేకపిల్ల తోలు మరీ సాగుతుంది. పెళ్ళి తొడుగు చేతికి పోతపోసినట్టుండాలని, అందుకే బిగువుగా కోస్తారని తొమ్మాసో మేస్త్రి ఒకసారి చెప్పాడు. వదులుగా కోసేవాడు చేతకానివాడు. ఏడు ఉన్న చేతికి ఆరున్నర కోసినా ఆశ్చర్యం లేదు. బాగా పనితనం ఉన్నవాడైతే ఇంకో పావు తగ్గించగలడు.

పైగా నేను ఆ రోజు చెయ్యి బిగించి ఉంచాను. ఏడని అందుకే అన్నాడు.

ఏప్రిల్ 6

చలి తగ్గాక నా వేళ్ళు సన్నబడ్డాయి. ఉంగరం వదులైంది.

ఏప్రిల్ 22

ఈస్టర్ మర్నాడు. మధ్యాహ్నం వచ్చాడు, నల్లకోటు వేసుకుని. నేను పొయ్యి దగ్గర కాఫీ పెడుతున్నాను. పద్ధతి ప్రకారం ఒక్క మాటా మాట్లాడలేదు. గుడ్డ విప్పి ముక్కలు అమ్మ ముందు బల్ల మీద పెట్టి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తితినా లేచి గోడకి ఆనుకుంది.

అమ్మకి ఏం పెట్టాడో కనబడలేదు. చెయ్యి చాపింది. తోలు తగలగానే అర్థమై, ముఖమంతా వెలిగింది. నా వైపు, అంటే పొయ్యి వైపు తిరిగి నవ్వింది కూడా. తర్వాత ముక్కని తన వేళ్ళ కణుపుల మీద పరుచుకుని, బొటనవేలితో ఆ చివర నుంచి ఈ చివరకి రాసింది. జీవితమంతా చేసిన పని. ఎవరికీ చెప్పాలని కాదు, అలవాటుకొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"ఆరుంపావు."

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

వీధిలో ఎవరో బాల్కనీ నుంచి బుట్ట దించుతూ కింద ఉన్నవాణ్ని తిడుతున్నారు. ఆ తిట్లు మొత్తం వినబడ్డాయి.

"తీసెయ్ అవి" అంది తితినా, అనియెల్లోతో. "అక్క ఉండగా నా ముందు పెడతావా? ఎవరు చెప్పారు నీకు పెట్టమని?"

ఆ ప్రశ్న వినగానే తెలిసింది, వాళ్ళిద్దరి మధ్య ఈ మాట ముందే వచ్చిందని. దానికీ ఇష్టమే. నాకోసం ఎంతకాలంగా నోరు మూసుకుందో.

అమ్మ పొయ్యి వైపే చూస్తోంది. "ఎర్సీలియా, పెద్దదానివి. నువ్వు ఊ అంటేనే ఇవి నా కుట్టుబుట్టలో పడతాయి. లేదంటే తీసుకుపొమ్మంటాను."

నేను కాఫీ నాలుగు కప్పుల్లో పోశాను. ఒలకలేదు.

"ఊ అనక ఏం చెయ్యను? తీసివేతలు నేర్పేసరికే నా తల నెరిసింది. భాగహారాలకి ఇతన్ని ఎవరైనా ఇంట్లోనే పెట్టుకోవాలి, నా వల్ల కాదు. తితినాకే అంటగట్టండి."

అందరూ నవ్వారు. అందరికంటే అనియెల్లో ఎక్కువ నవ్వాడు, బరువు దిగినవాడిలా. తితినా నవ్వుతూ ఏడ్చింది. నా నవ్వు కూడా బాగానే ఉంది. నేను విన్నాను.

అమ్మ ముక్కలు ఒక్కొక్కటే బుట్టలో పెట్టుకుంది. ఆమె మాత్రం నవ్వలేదు.

ఏప్రిల్ 23

ఆఫీసుకి వెళ్ళలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 29

తోలు కోసేవాడు తొడుగులు కుట్టే పిల్లని చేసుకుంటాడు. ఇద్దరూ కలిస్తే ఒక కార్ఖానా. వీధిలో అన్ని ఇళ్ళూ అలా ఏర్పడినవే, మా అమ్మానాన్నల ఇల్లుతో సహా. ఉత్తరాలు రాసే పిల్లతో అతనికేం పని? ఇంత చిన్న విషయం చదువుకున్నదానికి తట్టలేదు.

మే 5

పెళ్ళి జూన్ 16న, ఆదివారం. తొడుగులు కుట్టాలి. తన పెళ్ళి తొడుగులో తనే సూది దించితే కాపురం నిలవదంటారు, కాబట్టి తితినా ముట్టుకోకూడదు. ఇంటి ఆడవాళ్ళే కుట్టాలి, పొరుగువాళ్ళకి ఇవ్వకూడదు. అమ్మకి చూపు లేదు.

మా ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురమే.

"అక్కకి ఎందుకమ్మా? మానేద్దాం, నేను కొనుక్కున్న జత వేసుకుంటాను" అంది తితినా.

"కోతమేస్త్రి పెళ్ళాం కొన్న తొడుగులతో గుడికెళ్తే వాడి ముఖాన ఉమ్ముతారు" అంది అమ్మ. "ఎర్సీలియా కుడుతుంది. నేను పక్కన కూర్చుంటాను."

నేను సరే అన్నాను.

మే 12

అమ్మ నా వెనక నిలబడి నా చేతి మీద తన చెయ్యి వేసి కుట్టిస్తోంది. పాత తోలు ముక్కల మీద అభ్యాసం. "కలం పట్టినట్టు పట్టకే. వేలు వంచు. తోలుని నొప్పించకు, సూది చోటు దానికే తెలుసు." ఆమె వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఇలా నా చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో. అక్షరాలు దిద్దించడం ఆమెకి రాదు, అందుకని ఎప్పుడూ పట్టుకోలేదు.

మే 26

ఎడమ చేతి తొడుగు పూర్తయింది. అమ్మ కుట్టంతా వేలితో చదివి, "పర్వాలేదు" అంది. తన కూతుళ్ళిద్దర్లో ఎవరినీ ఆమె అంతకంటే పొగడగా వినలేదు.

రెండోది ఒక్కదాన్నే కుడతానన్నాను.

జూన్ 2

అమ్మ పూజకి వెళ్ళింది. తితినా గౌను కొలతలకి వెళ్ళింది. అనియెల్లో వాళ్ళిద్దరి కాపురానికి చూసిన గదికి వెల్ల వేస్తున్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. మధ్యాహ్నం మొత్తం కూర్చుని కుడిచెయ్యి కుట్టేశాను. ఒక్కసారి కూడా వేలికి గుచ్చుకోలేదు.

జూన్ 3

రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

రెండూ ఎడమ చేతివే.

కుడి ముక్కని తిరగేసి కుట్టాను. నున్నటి ముఖం లోపలికి పోయింది, గరుకు ముఖం పైకి వచ్చింది. అలా తిరగేస్తే కుడి ఎడమవుతుంది. విప్పి మళ్ళీ కుట్టడానికి ఇది బట్ట కాదు. తోలులో సూది దిగిన బెజ్జం మూసుకోదు. ఆ మేకపిల్ల తోలు మిగల్లేదు, జతకి రెండూ ఒకే తోలువి కావాలి.

నేను కావాలని చెయ్యలేదు.

బొటనవేలి మీద పెన్సిల్ గుర్తు ఉంది, పైకే కనబడుతూ. రొట్టె మెత్తతో రుద్దితే పోయింది. అది నిన్న కుట్టేటప్పుడు కూడా అక్కడే ఉండి ఉండాలి. మురికి అనుకున్నాను.

ఆరుంపావు అని రాసి ఉన్న మురికి.

జూన్ 4

నేను కావాలని చెయ్యలేదు. రేపు అమ్మతో చెప్తాను.

జూన్ 7

అమ్మ తడిమి చూస్తానంది. వంకాయలు వేయిస్తున్నావు, చేతికి నూనె ఉందన్నాను. పలచటి కాగితంలో చుట్టి బీరువాలో పెట్టేశాను. రేపు చెప్తాను.

జూన్ 11

అనియెల్లో మెట్ల దగ్గర కలిశాడు. "కుట్టడం మీరేనట కదా. కోతగదిలో చెప్పుకుని తిరుగుతున్నాను, ఫ్రెంచి రాసే చేత్తో కుట్టిన తొడుగులని. విందులో అందరూ చూస్తామంటున్నారు."

చెబుదామనే నోరు తెరిచాను. "ఎక్కాలు మర్చిపోలేదు కదా?" అని అడిగాను.

జూన్ 15

రేపు.

జూన్ 16

రాయాలి, లేకపోతే రేపటికి ఇది ఇంకోలా గుర్తుంటుంది.

పొద్దున తితినాకి జడ నేనే వేశాను. అమ్మని పక్కింటివాళ్ళు కూర్చోబెట్టుకున్నారు, గదిలో మేమిద్దరమే. కాగితం విప్పింది. ఎడమ చేతికి ఒకటి తొడుక్కుంది. రెండోది తీసుకుని, తొడుక్కోకముందే ఆగిపోయింది. దానికి చూడక్కర్లేదు కదా, వేళ్ళకే తెలుస్తుంది.

"అక్కా."

"నాకు సూది పట్టడం ఎక్కడొచ్చే" అన్నాను.

"నువ్వు పట్టకూడదనే గదక్కా నేను పట్టింది."

అది కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. బొటనవేలు దగ్గర రుద్దిన చోటు చూసింది. వేలితో తడిమింది. ఒక్క చోట తోలు మెత్తబడింది. మంచం మీద కూర్చుండిపోయింది.

"ఆ రోజు కాఫీ పోస్తూ నవ్వావే. అది నిజంగా నవ్వేనా?"

"మరేమనుకున్నావు?"

"ఇప్పుడు చెప్పు. గుళ్ళో ఉన్నవాళ్ళు ఏమనుకుంటే నాకేంటి. గౌను విప్పేస్తాను."

విప్పేసేదే. నా ఫీజు కట్టినట్టే, ఒక్క మాట అనకుండా విప్పేసేది. ఒక్క క్షణం చెబుదామనిపించింది. ఇంతకాలం రాసినదాంట్లో ఇదొక్కటీ పూర్తిగా నిజం.

"పిచ్చిదానా, పూల మీద కూర్చున్నావు, నలిగిపోతున్నాయి, లే" అన్నాను.

లేచింది. తొడుక్కున్నది కూడా తీసేసి, రెండూ కలిపి మడిచి పిడికిట్లో పట్టుకుంది. తొడుగులు వేసుకోకుండానే గుడికి వెళ్ళింది. ఎండగా ఉందని అందరికీ చెప్పింది.

విందులో తొమ్మాసో మేస్త్రి గ్లాసు బల్ల మీద కొట్టాడు. "వైన్ తర్వాత, ముందు తొడుగులేవి? మా వాడి కోత చూడాలి." మేస్త్రులందరూ చేతులు తుడుచుకుని కూర్చున్నారు. తితినా పిడికిలి విప్పలేదు. అనియెల్లో నవ్వుతూ దాని వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తొడుగులు తీసుకుని, వాళ్ళ ముందు పరిచాడు.

అతని నవ్వు సగంలో ఆగింది. రెండోదాన్ని దగ్గరికి తీసుకున్నాడు. రుద్దిన చోటు మీద అతని బొటనవేలు ఆగింది. తలెత్తి నన్ను చూశాడు. ఇన్నాళ్ళలో అతను నన్ను చూడటం అదే మొదటిసారి.

"ఏంట్రా ఇది? రెండెడమలు?" అన్నాడు తొమ్మాసో.

"తప్పు నాదే" అన్నాడు అనియెల్లో. "కుడి బొటనవేలికి నంబరు పై ముఖం మీద వేశాను, కంగారులో. నంబరున్నది లోపల అనుకుని కుట్టింది ఆవిడ. ఏం చేస్తుంది పాపం."

బల్లంతా పగలబడి నవ్వింది. "నంబరు ఎక్కడ వెయ్యాలో తెలియదు, సొంత కార్ఖానా పెడతాడట!" "రెండెడమల అనియెల్లో!" "ఒరేయ్, రాత్రికి కుడెడమలు చూసుకో!" అతను అందరితో కలిసి నవ్వాడు. కోతమేస్త్రికి అంతకంటే సిగ్గుచేటు లేదు. పనిలో చేరిన కుర్రాడు కూడా నంబరు పై ముఖాన వెయ్యడు. ఆ పేరు ఇక అతన్ని వదలదు.

తర్వాత మిఠాయి పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"వదినా, మీరేమీ తినలేదు" అన్నాడు.

ఒక బాదం మిఠాయి తీసుకున్నాను.

జూన్ 20

ఇవాళ పనిలోకి వచ్చాడు. కోతగది నుంచి అరుపులు నా బల్ల దాకా వినబడ్డాయి. రెండెడమలూ, నీ టోపీ తిరగబడిందేమో చూసుకో. రెండెడమలూ, పొద్దున ఏ కాలు ముందు పెట్టావు. దోన్ ఎద్వార్దో కూడా విన్నాడు. పెద్ద దుకాణం వాళ్ళ పని ఈ నెల తొమ్మాసోకి ఇమ్మని నాతో రాయించాడు. అది అనియెల్లో చెయ్యాల్సిన పని.

ఆ కాగితం అక్కడే పెట్టి కోతగదిలోకి వెళ్ళాను.

"నంబరు లోపలి ముఖం మీదే ఉంది" అన్నాను, అందరికీ వినబడేలా. "అతను సరిగ్గానే వేశాడు. తిరగేసి కుట్టింది నేను. నంబరు కనబడుతుండగానే కుట్టాను. తర్వాత రుద్దేశాను."

కత్తెరలు ఆగాయి. అనియెల్లో తలెత్తలేదు. తడి తోలు బల్ల అంచు మీద పెట్టి లాగుతూనే ఉన్నాడు.

తొమ్మాసో మేస్త్రి నన్ను చూశాడు, అతన్ని చూశాడు, తల ఊపాడు. ముసలాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చూశార్రా? మరిది పరువు కోసం తప్పు తన మీద వేసుకుంటోంది పిల్ల. ఎన్ని ఇళ్ళలో ఉంటారు ఇలాంటి వదినలు?"

అందరూ మెచ్చుకున్నారు. ఒకరు లేచి నాకు కుర్చీ ఇచ్చారు. కాదు, నేను నిజం చెప్తున్నానని రెండోసారి అన్నాను. ఇంకా మెచ్చుకున్నారు.